పదిహేడో లాకు, మూడు ఖాళీలు

శ్రావణ శుద్ధ ద్వాదశి
పోటు మట్టం 2.3 మీటర్లు. గాలి నైరుతి. తలుపులు మూడూ పనిచేస్తున్నాయి. ఇతర విశేషాలు:

ఈ నాలుగో గడిలో తొమ్మిదేళ్లుగా "ఏమీ లేవు" అని రాసి సంతకం పెడుతున్నాను. ఇవాళ రాయడానికి ఉంది.

ఉదయం ఏడింటికి ముగ్గురు మనుషులు పడవ దిగి, కట్ట మెట్లెక్కి, లాకు గదిలోకి వచ్చారు. మా గదిలో నేల మీద ఒక పసుపు గీత ఉంటుంది. గీతకు లోపల మోటార్లు, మీటలు, చేత్తో తిప్పే పెద్ద చక్రం. బయట ఒక బెంచీ, నీళ్ల కుండ. బయటివాళ్లు గీత దాటకూడదు. వాళ్లు దాటలేదు. గీతకు జానెడు ఇవతల చాపలు పరుచుకుని, లోపలున్న మూడు ఖాళీ కుర్చీలకు ఎదురుగా కూర్చున్నారు.

"ఎవరమ్మా మీరు? ఏం కావాలి?" అన్నాను.

వాళ్లలో ఉన్న ఒక్క ఆడమనిషి లేచి నమస్కారం పెట్టింది. "ఆ కుర్చీల్లో కూర్చోవాల్సినోళ్లమండీ. ఏడేళ్లయింది. ఆర్డర్లు రాలేదు. వచ్చిందాకా ఇక్కడే కూర్చుందామని వచ్చాం. మీ పనికి అడ్డం రాము."

సముద్రం పైకొచ్చాక ఈ కట్ట కట్టి నలభై మూడేళ్లయింది. కట్టకు నలభై ఒక్క లాకులు. లోపలి వాన నీళ్లను పాటు సమయంలో బయటికి వదలాలి, పోటు వచ్చేలోపు తలుపులు మూసేయాలి. ఆ పని చేసేవాళ్లం లస్కర్లం. ఈ పదిహేడో లాకుకు నలుగురు లస్కర్లు మంజూరు. ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు రిటైరై, తొమ్మిదేళ్ల కిందటికే వెళ్లిపోయారు. మిగిలింది నేను, నడకుదుటి సామ్రాజ్యం, వయసు యాభై ఆరు. కొత్తవాళ్ల కోసం పరీక్ష పెట్టారనీ, కట్ట మొత్తానికీ నూట అరవై రెండు మందిని ఎంపిక చేశారనీ అప్పట్లో విన్నాను. తర్వాత సంగతి నాకు తెలియదు. ఆ నూట అరవై రెండు మందీ ఇవాళ ఎవరికి కేటాయించిన లాకు దగ్గరికి వాళ్లు వెళ్లి, ఎవరి ఖాళీ పక్కన వాళ్లు కూర్చున్నారట.

సాయంత్రం ఐదింటికి చాపలు చుట్టుకుని, కూర్చున్నచోట ఊడ్చి వెళ్లారు. ఊడుస్తారనుకోలేదు.

శ్రావణ పౌర్ణమి
పోటు మట్టం 2.6. గాలి నైరుతి, జోరుగా. తలుపులు సరే.

మా డీఈ చిరుమామిళ్ల గారు ఫోన్ చేశారు. ఈ పక్కనున్న తొమ్మిది లాకులకూ ఆయనే పెద్ద.

"సామ్రాజ్యం గారూ, మీ దగ్గర ఎంతమంది?"

"ముగ్గురండీ."

"గొడవేమైనా?"

"లేదండీ. నేను టీ పెట్టుకుంటే తాగరు కూడా. దీక్షలో ఉన్నామంటారు."

ఆయన అసలు సంగతికి వచ్చారు. "పద్నాలుగో నియమం వాళ్లకి చదివి వినిపించండి. అభ్యర్థి ఎవరైనా గీత దాటి యంత్రం మీద చెయ్యి వేస్తే జన్మలో మళ్లీ ఈ ఉద్యోగానికి పనికిరారు. తర్వాత నా మీదికి రావద్దని చెప్పండి."

చదవబోయాను. మూడో వాక్యం దగ్గర వాళ్లలో చిన్నవాడు, దైవసహాయం, అందుకుని మిగతాది కంఠతా అప్పజెప్పాడు. కామాలతో సహా.

శ్రావణ బహుళ సప్తమి
పోటు మట్టం 1.7. గాలి లేదు. తలుపులు సరే.

ఇప్పటికి ముగ్గురి సంగతులూ తెలిశాయి. రాసి పెడుతున్నాను.

కొక్కిలిగడ్డ ఇందుమతి, ముప్పై నాలుగేళ్లు. కట్ట లోపలి కొత్తపాలెం. పొగమంచు నుంచి మంచినీళ్లు పట్టే వలలు కుట్టి, చిరిగినవి బాగుచేసి బతుకుతోంది. పొద్దున నాలుగింటికి లేచి ఆ పని ముగించి వస్తుంది. ముగ్గురి తరఫునా మాట్లాడేది ఆమే.

షేక్ మస్తాన్ వలి, ముప్పై తొమ్మిది. పడవ ఇంజన్ల మెకానిక్కు. నా మోటారు శబ్దం విని, "మూడోదానికి బేరింగు అరుగుతోందమ్మగారూ" అని రెండో రోజే చెప్పాడు. చూస్తే నిజమే.

పులిగడ్డ దైవసహాయం, ముప్పై ఒకటి. లెక్కల ట్యూషన్లు చెప్పేవాడు. తక్కువ మాట్లాడతాడు. పరీక్షలో కట్ట మొత్తానికి ఐదో ర్యాంకు.

వాళ్లకొక పుస్తకం ఉంది. గీత ఇవతల కూర్చునే, కిటికీలోంచి కనిపించే రాతి స్తంభాన్ని చూసి, ప్రతి పోటుకూ మట్టం ఎంతుంటుందో ముగ్గురూ విడివిడిగా అంచనా రాసుకుంటారు. తర్వాత నా గేజి అంకె అడిగి సరిచూసుకుంటారు. మొదటి రోజుల్లో మూరెడు తేడా వచ్చేది. ఇప్పుడు దైవసహాయానికి రెండు వేళ్ల తేడా కూడా రావడం లేదు. నాకు ఆ చూపు రావడానికి నాలుగేళ్లు పట్టింది.

"ఇంత కష్టపడి నేర్చుకుంటున్నారు, ఆర్డరు రాకపోతే?" అని అడిగాను.

"వచ్చిన రోజున మీ దగ్గర నేర్చుకోవటానికి టైముండదు గదండీ," అంది ఇందుమతి. "వచ్చినరోజే పోటు రావచ్చు."

ఆ రోజు నుంచి నేను గీత లోపల నిలబడి పాఠం చెప్పడం మొదలుపెట్టాను. చెప్పకూడదని ఏ నియమంలోనూ లేదు.

భాద్రపద శుద్ధ పంచమి
పోటు మట్టం 2.2. గాలి పడమర. తలుపులు సరే.

నియామక మండలికి ఇక్కడ ఆఫీసు లేదు. ప్రతి లాకులోనూ గోడకు ఒక తెర, అందులో మర్యాదగా మాట్లాడే ఒక గొంతు. పేరు పరిశీలిని. ఇవాళ దైవసహాయం వెళ్లి, గుర్తింపు కోసం తెరకు అరచెయ్యి చూపించి తన దరఖాస్తు సంగతి అడిగాడు.

"నమస్కారం దైవసహాయం గారూ. మీ దరఖాస్తు తుది పరిశీలనలో ఉంది. మీ వైద్య ధ్రువపత్రానికి గడువు తీరినది. దయచేసి కొత్తది సమర్పించండి."

"ఆ పత్రానికి గడువెంతండీ?"

"ఆరు నెలలు."

"పరిశీలనకెంత పడుతుందండీ?"

"ఎనిమిది నెలలు."

"మరి ఎట్టా కుదురుద్దండీ?"

"మీ సూచన నమోదు చేసుకున్నాము. ధన్యవాదాలు."

అతను తిరిగొచ్చి కూర్చున్నాడు. ఇది పదకొండో పత్రమట. నూట అరవై రెండు మందిదీ ఇదే కథ. ఒకరి పత్రం బతికుండగా ఇంకొకరిది చచ్చిపోతుంది. జాబితా అంతా ఒకేసారి సరిగ్గా ఉంటేగానీ పరిశీలిని ఆర్డర్లు ఇవ్వదు.

"తిట్టొచ్చు గదయ్యా," అన్నాను.

"తిట్టినా నమోదు చేసుకుంటదండీ," అన్నాడు.

మస్తాన్ వలి పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఇందుమతి, చివరికి దైవసహాయం కూడా నవ్వారు. ఏడేళ్లు ఇలా నానబెడితే నేనైతే ఆ తెరను చెప్పుతో కొట్టేదాన్ని.

భాద్రపద బహుళ నవమి
పోటు మట్టం 1.6. గాలి లేదు. మూడో తలుపు మోటారు వేడెక్కుతోంది.

ఉప్పు గాలికి తీగల మీద పొర తినేసింది. కొత్త మోటారు కోసం ఇది నాలుగో లేఖ. "సిబ్బంది పూర్తిగా ఉన్న లాకులకు ప్రాధాన్యం" అని జవాబు వచ్చింది.

మోటారు ఆగితే చేతి చక్రం ఉంది. దానికి నాలుగు ఇనుప పిడులు. నాలుగింటి మీదా ఒకేసారి బరువు పడితేగానీ పళ్లు పట్టవు. నలుగురు లస్కర్లను మంజూరు చేసింది అందుకే. ఈ సంగతి ఇవాళ పాఠంలో చెప్పాను. ముగ్గురూ చక్రం వైపు చూశారు, తర్వాత నా వైపు. ఇన్నేళ్లూ నేను ఒక్కదాన్నే ఏ ధైర్యంతో ఉన్నానో ఎవరూ అడగలేదు.

ఆశ్వయుజ శుద్ధ నవమి
పోటు మట్టం 1.9. గాలి తూర్పు. వాన. మూడో మోటారు అలాగే ఉంది.

రెండు రోజులుగా పడవలు లేవు. ఇవాళ వీళ్లు రారనుకుని తలుపు గడియ పెట్టుకున్నాను. ఏడుకు ఐదు నిమిషాలుండగా తట్టారు. పదకొండు కిలోమీటర్లు కట్ట మీద చుట్టు తిరిగి నడిచి వచ్చారు. మస్తాన్ వలి గొడుగు ఎగిరిపోయి సముద్రంలో పడిందట. చాపలు మాత్రం ప్లాస్టిక్ సంచిలో చుట్టి తడవకుండా తెచ్చారు.

"ఒక్కరోజు రాకపోతే ఏమవుద్ది?" అని కేకలేశాను.

"ఒక్కరోజు మానితే, మానేశారని మండలి రాసుకుంటదండీ," అంది ఇందుమతి జుట్టు పిండుకుంటూ. "మీరు తొమ్మిదేళ్లలో ఒక్కరోజు మానలేదంట గదా. ముప్పై ఏడో లాకు దాకా చెప్పుకుంటారు."

నా గురించి ఎవరో ఎక్కడో చెప్పుకుంటారని నాకు తెలియదు. టీ పెట్టాను. ఇవాళ తాగారు.

కార్తీక శుద్ధ ద్వాదశి
పోటు మట్టం 2.4. గాలి ఈశాన్యం. మూడో మోటారు మరీ వేడిగా ఉంది.

ఇవాళ్టితో మస్తాన్ వలికి నలభై నిండాయి. ఈ ఉద్యోగానికి నలభైయే హద్దు. పరీక్ష రాసినప్పుడు ముప్పై రెండు.

మధ్యాహ్నం పరిశీలిని తనంతట తానే తెర వెలిగించి పిలిచింది. "షేక్ మస్తాన్ వలి గారూ, జన్మదిన శుభాకాంక్షలు. వయోపరిమితి దాటినందున మీ దరఖాస్తును ముగించడమైనది. మీ సహనానికి ధన్యవాదాలు."

అతను తెర ముందు నిలబడి విన్నాడు. వెనక్కి వచ్చి, అన్నం గిన్నె మూత తీశాడు. భార్య పుట్టినరోజని ఎండురొయ్యలు వేసి వంకాయ కూర పంపింది. అందరికీ వడ్డించాడు. నాకూ గీత అవతలికి గిన్నె జరిపాడు. తను మాత్రం రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

"ఇట్టా పంతొమ్మిది మందిమి అయ్యామమ్మగారూ," అన్నాడు. "కూర్చుని కూర్చుని ముసలోళ్లమయ్యామని తీసేసినోళ్లం. ఈ ముక్క ఇంట్లో చెప్పటమే కష్టం. మా ఆవిడ నేను ఎంపికైనప్పుడే నా యూనిఫారానికి కొలతలిచ్చొచ్చింది."

సాయంత్రం చాప చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ అతని వెనకే తలవంచుకుని దిగారు.

కార్తీక శుద్ధ త్రయోదశి
పోటు మట్టం 2.5. గాలి ఈశాన్యం, పెరుగుతోంది. బంగాళాఖాతంలో వాయుగుండం అని కబురు.

ఉదయం ఏడింటికి ముగ్గురూ వచ్చారు. ముగ్గురని మళ్లీ రాస్తున్నాను.

"మీకిక ఇక్కడేం పని వలీ?" అన్నాను. మాట కరుకుగా వచ్చింది, మనసులో అలా లేదు.

"నాది పోయింది సరే, వీళ్లది పోలేదు గదండీ," అన్నాడు. "ముగ్గురం కూర్చున్నచోట ఇద్దరు కూర్చుంటే బోసిగా ఉంటది."

కార్తీక పౌర్ణమి
పోటు మట్టం 3.9. గాలి కొలిచే పరికరం ఊడిపోయింది. తలుపులు మూడూ మూశాం. ఎలా మూశామో కింద రాస్తున్నాను.

రెండు రోజుల వానకు లోపలి పదకొండు ఊళ్లలో నీళ్లు నిలిచాయి. తెల్లవారుజామున పాటులో తలుపులు మూడూ ఎత్తి ఆ నీళ్లు బయటికి వదిలాను. ఏడింటికి ఈ ముగ్గురూ కట్ట మీద ఒకరి నడుము ఒకరు పట్టుకుని నడిచి వచ్చారు. తిట్టే తీరిక లేదు. ఏడుంపావుకు సముద్రం పెరిగి లోపలి నీళ్ల మట్టాన్ని అందుకుంది. మొదటి తలుపు దించాను. రెండోది దించాను. మూడోది సగం దిగాక కాలిన వాసన వచ్చి మోటారు ఆగిపోయింది.

డీఈ గారికి ఫోన్ చేశాను. గాలిలో ఆయన మాట ముక్కలుగా వినిపించింది. "మనుషుల్ని సాయంత్రానికి గానీ పంపలేను సామ్రాజ్యం గారూ. తొమ్మిదిన్నరకు పోటు నాలుగు మీటర్ల దాకా రావచ్చు. ఏదో ఒకటి..." తర్వాత లైను పోయింది.

సగం దిగిన తలుపు కింద నుంచి సముద్రం లోపలికి దూకుతోంది. గది నేల అదిరింది. కట్టకు లోపలివైపు, కాలవ పొడుగునా, దూరంగా కొత్తపాలెం ఇళ్ల కప్పులు కనిపిస్తున్నాయి.

నేను వాళ్లను అడగలేదు. ఈ మాట స్పష్టంగా రాస్తున్నాను. అడిగే హక్కు నాకు లేదు. అడిగితే వాళ్ల ఏడేళ్లు నా నోటితో తుడిచినట్టవుతుంది. చక్రం దగ్గరికి వెళ్లి ఒక పిడి పట్టుకుని తోశాను. కదలదని తెలుసు. అయినా తోశాను.

మస్తాన్ వలి గీత దాటి వచ్చి రెండో పిడి పట్టుకున్నాడు. "నాకు పొయ్యేదేముందమ్మగారూ, తొయ్యండి," అన్నాడు. ఇద్దరం తోస్తే చక్రం ఊగింది గానీ తిరగలేదు.

ఇందుమతి చీర కొంగు నడుముకు బిగించి లోపలికి వచ్చింది. "మా ఊరు నీళ్లలోకి పోతుంటే నేను గీత బయట కూర్చుంటానా?" అంది ఎవరితోనో దెబ్బలాడుతున్నట్టు. మూడో పిడి ఆమెది. చక్రం అంగుళం కదిలి మళ్లీ వెనక్కి జారింది.

దైవసహాయం గీత దగ్గర నిలబడి ఉన్నాడు. పాదం వేళ్లు గీతను తాకుతున్నాయి.

"నేను ఏడేళ్లు చదివానమ్మగారూ," అన్నాడు. "నాకు ఇంకేమీ రాదు."

నేనూ ఇందుమతీ పిడులు వదల్లేదు. మస్తాన్ వలి అతని వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుందని కాబోలు, గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. దైవసహాయం వెనక్కి వెళ్లాడు. వెళ్లిపోతున్నాడనుకున్నాను, తప్పని కూడా అనుకోలేదు. అతను నేల మీది తన చాప చుట్టి, నీళ్లు తగలకుండా బెంచీ మీద పెట్టి, తిరిగొచ్చి నాలుగో పిడి పట్టుకున్నాడు.

పళ్లు పట్టాయి.

నూట నలభై చుట్లు. మస్తాన్ వలి లెక్కపెట్టాడు. అరవై దాటాక అతని గొంతు పోతే దైవసహాయం అందుకున్నాడు. తొంభై దగ్గర ఇందుమతి అరచేతులు చిట్లి పిడి జారిపోతుంటే, నా పైట చెంగు చింపి చుట్టాను. ఆ కాసేపూ మగవాళ్లిద్దరూ చక్రం వెనక్కి తిరగకుండా భుజాలు ఆనించి ఆపారు. తొమ్మిదీ ఇరవైకి తలుపు అడుగు రాతిని తాకిన చప్పుడు కాళ్లకు తెలిసింది. అందరం ఉన్నచోటే కూలబడ్డాం.

తొమ్మిదీ నలభైకి బయట మట్టం 3.9. కొత్తపాలెం పల్లపు వీధిలో మోకాలి లోతు నీళ్లు. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

మధ్యాహ్నం ఈ పుస్తకం తీసి కూర్చున్నాను. "నేనే ఎలాగో దించానని రాస్తాను. మీ పేర్లెందుకు?" అన్నాను.

"ఒక్కరే దించారంటే, నలుగురెందుకు ఒక్కరు చాల్లే అంటారండీ," అన్నాడు దైవసహాయం.

"రాయండమ్మగారూ," అంది ఇందుమతి. చేతులకు గుడ్డలు చుట్టుకుని ఉంది. "ఇంటిపేర్లతో రాయండి. ఏడేళ్లలో గవర్నమెంటు పుస్తకంలో మా పేర్లు ఎక్కటం ఇదే మొదలు."

రాశాను. షేక్ మస్తాన్ వలి. కొక్కిలిగడ్డ ఇందుమతి. పులిగడ్డ దైవసహాయం. ముగ్గురూ పక్కన సంతకాలు పెట్టారు. ఇందుమతి సంతకం దగ్గర మరక ఉంది. అది సిరా కాదు.

కార్తీక బహుళ చవితి
పోటు మట్టం 2.3. గాలి తగ్గింది. మూడో తలుపు మూసే ఉంది.

పరిశీలిని నా పుస్తకం చదివింది. ఇందుమతికీ దైవసహాయానికీ శాశ్వత అనర్హత నోటీసులు తెర మీద వచ్చాయి. మరో ఎనిమిది లాకుల్లో కూడా ఆ రోజు మోటార్లు ఆగాయట. అక్కడ కూడా అభ్యర్థులే చక్రాలు తిప్పారట. మొత్తం ఇరవై ఆరుగురికి నోటీసులు.

ఇద్దరూ వాటిని చదువుకున్నారు. దైవసహాయం నోటీసులో ఒక అచ్చుతప్పు చూపించాడు. తర్వాత ముగ్గురూ యథాప్రకారం చాపల మీద కూర్చుని పోటు అంచనా రాసుకున్నారు.

నేను మేడెక్కి కాసేపు ఏడ్చి వచ్చాను. రికార్డు పుస్తకంలో ఇది రాయకూడదు. రాస్తున్నాను.

మార్గశిర శుద్ధ సప్తమి
విచారణకు జిల్లా కేంద్రానికి వెళ్లాను. లాకు దగ్గర చిరుమామిళ్ల డీఈ గారే స్వయంగా కూర్చున్నారు, తన పంతొమ్మిదేళ్ల సర్వీసులో లాకు కాపలా ఇదే మొదటిసారని.

పెద్ద గది. ఒక గోడ నిండా పరిశీలిని తెర. దాని ముందు మండలి సభ్యురాలు ఒకావిడ, మనిషే, నాకన్నా పెద్దది. పక్కనే మా ముగ్గురూ నిలబడి ఉన్నారు. వాళ్లను మా ముగ్గురని ఎప్పటినుంచి అనుకుంటున్నానో తెలియదు.

"పద్నాలుగో నియమం మీకు తెలుసా?" అని అడిగారావిడ.

"తెలుసండీ. చదివి వినిపించింది నేనే."

"మరి వాళ్లు గీత దాటుతుంటే ఎందుకు ఆపలేదు?"

"నా చేతులు ఖాళీగా లేవండీ. పిడి పట్టుకుని ఉన్నాను."

ఆవిడ కాగితాలు తిప్పారు. "మీ లాకుకు మంజూరైన లస్కర్లు ఎంతమంది?"

"నలుగురండీ."

"చక్రానికి ఎంతమంది కావాలి?"

"నలుగురు."

"ఆ రోజు చక్రం దగ్గర ఎంతమంది ఉన్నారు?"

"నలుగురండీ. తొమ్మిదేళ్లలో ఆ ఒక్కరోజే మా లాకులో సిబ్బంది పూర్తిగా ఉంది."

ఆవిడ కలం ఆగింది. తర్వాత ఇందుమతిని చేతులు చూపించమన్నారు. కొత్త చర్మం ఇంకా గులాబీరంగులో ఉంది. చాలాసేపు చూశారు. వెనక్కి తిరిగి తెరను అడిగారు: "వైద్య పత్రం గడువు ఆరు నెలలు, పరిశీలన ఎనిమిది నెలలు. ఇది ఎవరైనా నీకు చెప్పారా?"

"నాలుగు వేల రెండు వందల ఆరు సార్లు నమోదు చేసుకున్నాము," అంది పరిశీలిని.

గదిలో ఎవరూ నవ్వలేదు.

మార్గశిర బహుళ దశమి
పోటు మట్టం 2.0. గాలి ఉత్తరం, చల్లగా. మూడో తలుపుకు కొత్త మోటారు బిగించారు.

పరిశీలన పూర్తయ్యేవరకు వైద్య పత్రం చెల్లుతుందని ఒక్క వాక్యం కలిపారు. అంతే. ఏడేళ్ల ముడి ఊడిపోయింది. ఇరవై ఆరుగురి అనర్హత రద్దయింది. నూట నలభై మూడు మందికి ఆర్డర్లు వచ్చాయి. వయసు దాటిన పంతొమ్మిది మందికి రాలేదు.

ఇందుమతి, దైవసహాయం ఆర్డర్లు తీసుకుని వచ్చారు. నేను చేరిక కాగితాలు బల్ల మీద పెట్టి, కుర్చీలు తుడిచి, కలం మూత తీసి ఇచ్చాను. ఇద్దరూ కలం తీసుకోలేదు. గీత ఇవతలే చాపలు పరిచారు. మస్తాన్ వలి చాప కూడా వాళ్లే పరిచారు.

"ఇదేంటి?" అన్నాను.

"నూట నలభై మూడు మందీ అనుకున్నామండీ," అంది ఇందుమతి. "ఆ పంతొమ్మిది మందికీ వచ్చిందాకా ఎవరం చేరం. వాళ్లు ముసలోళ్లయింది మాతోపాటు కూర్చునే గదా."

"పదిహేను రోజుల్లో చేరకపోతే ఆర్డరు రద్దవుద్ది, చదివారా?"

"కంఠతా వచ్చండీ," అన్నాడు దైవసహాయం.

మస్తాన్ వలి ఎంత చెప్పినా వినలేదు. బతిమాలాడు, తిట్టాడు. నా పేరు చెప్పి మీ పిల్లల నోళ్లు కొడతారా అన్నాడు. చివరికి గది బయటికి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అతను తిరిగొచ్చేదాకా వీళ్లు అన్నం గిన్నెలు తెరవలేదు.

ముప్పై ఏళ్లుగా నీళ్లను చూస్తున్నాను. నీళ్లు ఎక్కడ పల్లముంటే అక్కడికి పోతాయి. మనుషులూ అంతేనని అనుకునేదాన్ని.

పుష్య శుద్ధ అష్టమి
పోటు మట్టం 1.6. గాలి లేదు. తలుపులు సరే.

పదమూడో రోజు. నలభై ఒక్క లాకుల్లో ఒక్క చేరిక సంతకం కూడా పడలేదు. చిరుమామిళ్ల గారు ఫోన్ చేసి, "ఒక్కరినైనా ఒప్పించండి, పైనుంచి నన్ను చంపుతున్నారు," అన్నారు. "మీరే వచ్చి ఒప్పించండి సార్," అన్నాను. ఇలా మాట్లాడటం నాకు ఇంతకుముందు రాదు.

దైవసహాయం వాళ్లమ్మ వచ్చింది, సంతకం పెట్టమని చెప్పడానికి. గంటసేపు కొడుకు పక్కన చాప మీద కూర్చుంది. వెళ్లేటప్పుడు సంతకం మాట ఎత్తలేదు. మస్తాన్ వలి చెయ్యి పట్టుకుని, "నువ్వు బాధపడమాకు నాయనా," అని వెళ్లిపోయింది.

పుష్య శుద్ధ నవమి
పోటు మట్టం 1.8. గాలి ఉత్తరం. తలుపులు సరే.

పదకొండింటికి డీఈ గారు పడవలో వచ్చారు. మెట్లు పరుగున ఎక్కిన ఆయాసంతో కాగితం ఇందుమతి చేతికిచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ఇందుమతి పైకి చదివింది. దరఖాస్తు చేసిన నాటి వయసే లెక్కలోకి తీసుకోవాలి. కింద మండలి సభ్యురాలి సంతకం.

మస్తాన్ వలి కాగితం తీసుకుని తనే మళ్లీ చదువుకున్నాడు. "ఇది నిజమేనా సార్?" అని అడిగాడు. "చెమటతో తడిసిపోయాను, నిజం కాకపోతే ఇంత తొందరగా తెస్తానా?" అన్నారాయన.

పదకొండుంపావుకు ముగ్గురూ సంతకాలు పెట్టారు. ముందు మస్తాన్ వలి చేత పెట్టించారు.

మాఘ శుద్ధ చవితి
పోటు మట్టం 2.1, షేక్ మస్తాన్ వలి చూసి చెప్పినది. గాలి ఆగ్నేయం, నెమ్మది. తలుపులు సరే. ఇతర విశేషాలు:

నేను పది రోజులు సెలవు పెట్టాను. పద్దెనిమిదో లాకు నుంచి ఒక మనిషిని నా బదులు పంపారు.

"ఎక్కడికి వెళ్తారమ్మగారూ?" అని అడిగింది ఇందుమతి. తొమ్మిదేళ్లలో ఎక్కడికైనా వెళ్లాలని కూడా అనుకోలేదు. "ముందు పడవ ఎక్కుతాను, తర్వాత చూస్తాను," అన్నాను.

సంచి సర్దుకుని, ఈ పుస్తకంలో ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. కింద పడవ హారన్ కొడుతోంది. మెట్ల దాకా ఎవరైనా సాగనంపుతారేమో అనుకున్నాను. పోటు ఎక్కుతోంది. దైవసహాయం గేజి దగ్గర, ఇందుమతి మీట దగ్గర, వలి మోటారుకు చెవి ఆనించి ఉన్నారు. వెళ్లొస్తానని చెప్పాను. ముగ్గురూ "ఊఁ" అన్నారు. ఒక్కరు కూడా నీళ్ల మీది నుంచి చూపు తిప్పలేదు.